గుల్లసున్నం ఇల్లు

ధనుర్మాసం పట్టగానే అమ్మమ్మ వాళ్ళింటి పెరట్లో, నూతి పక్కన, సగం దాకా నేలలో పాతిన పెద్ద మట్టికాగులో సున్నం నానేది. బట్టీలో కాలిన గుల్లల్ని తట్టలకెత్తి తెచ్చి అందులో పోసి, తాతయ్య చేదతో నీళ్ళు కుమ్మరిస్తే, పొయ్యీ కట్టే లేకుండానే కాగు కాగంతా కుతకుత ఉడికేది. కాలినా గుల్ల తన ఆకారం పోనిచ్చుకోదు. గీతలతో సహా అలాగే ఉంటుంది, తూకం మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. నీళ్ళు తగిలిన మరుక్షణం బుస్సుమని విచ్చుకుని, పగిలి, పిండైపోయేది. ఆవిరి కొబ్బరిమట్టల దాకా లేచేది. "దగ్గరికెళ్ళకండర్రా, కళ్ళల్లో పడితే చూపు పోద్ది" అని అమ్మమ్మ వసారాలోంచి కేకేసేది. మేం పిల్లలం రెండడుగులు వెనక్కి జరిగినట్టే జరిగి మళ్ళీ ముందుకొచ్చేవాళ్ళం. తడిసిన రాయి, ఉప్పుగాలి, ఎక్కడో కాలిన చేపపొలుసు, ఈ మూడూ కలిసినట్టుండే ఆ వాసన నా మటుకు సంక్రాంతి వాసన. అరిసెల పాకం వాసన దాని తరవాతే.

ఆ ఊరు కాకినాడ నుంచి యానాం పోయే దారిలో ఉంది. కోరంగి దాటాక బస్సు దిగి, కాలవగట్టు పట్టుకుని మైలున్నర నడవాలి. ఒకవైపు వరిచేలు, కొబ్బరితోటలు. ఇంకోవైపు కాస్త దూరం పోతే పర్రభూములు, ఉప్పుటేరు, మడచెట్లు, ఆపైన సముద్రం. ఒకప్పుడు కోరంగి రేవుకి పెద్దపెద్ద ఓడలొచ్చేవనీ, 1839లో వచ్చిన తుపానుకి ఉప్పెన లేచి రేవంతా ఊడ్చుకుపోయిందనీ తాతయ్య తను కళ్ళారా చూసినట్టే చెప్పేవాడు. నిజానికి ఆయన పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందటి మాట అది. ఆయనకి వాళ్ళ తాత చెప్పి ఉంటాడు.

ఊరి చివర ఏటి ఒడ్డున రెండు సున్నపుబట్టీలుండేవి. మనిషెత్తున, గుండ్రంగా, ఇటుకా మట్టీ కలిపి కట్టినవి. కింద గాలి పోవడానికి కన్నాలు. ఆ బట్టీలు చూసే ముసలాయన్ని ఊరంతా బట్టీ తాత అనే పిలిచేది, మేమూ అంతే. నావల్లో వచ్చిన గుల్లల్ని ఒడ్డున కుప్పపోసి, ఎండబెట్టి, ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్లలు, మళ్ళీ బొగ్గు, మళ్ళీ గుల్లలు, అలా మా అమ్మమ్మ జాడీలో ఊరగాయ పేర్చినంత జాగర్తగా పేర్చేవాడు. సాయంత్రం అంటించేవాడు. రాత్రి లాంతరు పట్టుకుని చేపల కోసం ఏటికి వెళ్ళే మావయ్య వెనకాల పడి నేనూ వెళితే, చీకట్లో ఆ బట్టీ నోరు దానిమ్మపువ్వు రంగులో వెలుగుతుండేది. బట్టీ తాత తలకి తడిగుడ్డ చుట్టుకుని, తిత్తి తిప్పేవాళ్ళకి నిద్రరాకుండా ఏవో కథలు చెబుతుండేవాడు. "ఏమ్మా పాపా, పొద్దున్నే రా, గుల్ల ఎలా చచ్చి తెల్లబడిందో చూద్దువుగాని" అనేవాడు. ఆయన అరచేతులు సున్నానికి పగిలి చీలికలు పడి ఉండేవి. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ పనిలోకి దిగేవాడు. ఆ చేతుల గురించి ఆయనా ఎప్పుడూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

గుల్లలు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళలో ఒకావిడ మా అమ్మమ్మకి సావాసగత్తె. అందుకని నాకు గుల్లల పిన్ని. పాటు తీసి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేసరికి వీళ్ళంతా చీరలు గోచీపోసి కట్టుకుని, నడుముకి బుట్ట తగిలించుకుని బురదలోకి దిగేవాళ్ళు. కళ్ళతో వెతికే పని కాదది, ఆ నీళ్ళలో ఏమీ కనపడదు. అరికాలితో బురదని తడుముతూ పోవాలి. గట్టిగా తగిలిందా, వంగి చేత్తో లాగాలి. రాయేదో, ఉత్తచిప్ప ఏదో, బతికున్న గుల్ల ఏదో కాలికే తెలిసిపోవాలి. నేనూ ఒకసారి దిగాను. గంటసేపు తడిమితే నాకు దొరికినవి మూడు చచ్చిన చిప్పలూ, అరికాల్లో ఒక కోతా. పిన్ని నా పాదం ఒళ్ళో పెట్టుకుని, వక్కాకు సంచిలోంచి సున్నం గోటితో తీసి అద్ది, "కాలికి కళ్ళు రావడానికి పదేళ్ళు పడతాదమ్మా" అంది.

ఆవిడ బుట్టలో అన్నిటికంటే ఎక్కువుండేవి బుడిత గుల్లలు. మందపాటి పెంకు, వీపు మీద నాగటిచాళ్ళలాంటి గీతలు, రెండు చిప్పలూ కలిసేచోట పళ్ళు పళ్ళుగా నొక్కుకున్న కీలు. తెరిస్తే లోపల ఎర్రగా నెత్తురుండేది. గుల్లకి నెత్తురేమిటని భయమేసేది నాకు. ఈ జాతి గుల్లల్లో మన ఒంట్లో ఉండే హిమోగ్లోబినే ఉంటుందనీ, ఎర్రదనం దానిదేననీ కాలేజీలో చదువుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది పిన్ని బుట్ట. ఇంకోరకం ఉండేది, పల్చగా, బల్లపరుపుగా, అరచేయంత. ఎండకెత్తి చూస్తే అవతలి మనిషి నీడ కనిపించేది. చాలా ఏళ్ళ తరవాత గోవా వెళితే పాతకాలం ఇళ్ళ కిటికీలకి అద్దాల బదులు అవే చిప్పలు బిగించి ఉన్నాయి. అక్కడ నిలబడి వాటిని వేలితో తడుముతుంటే మావారు "ఏమిటే అది" అన్నారు. మా ఊరి గుల్ల అన్నాను.

తినడానికి కొన్ని పక్కనపెట్టి పిన్ని అమ్మమ్మకిచ్చేది. అమ్మమ్మ వాటిని ఒక పూటంతా ఉప్పునీళ్ళలో ఉంచి ఇసక కక్కించేది. పొయ్యి మీద పెట్టేముందు ఒక్కొక్కదాన్నీ చూసేది. అప్పటికే నోరు తెరుచుకుని, తట్టినా మూసుకోనిదాన్ని దిబ్బలో పారేసేది. "చచ్చింది తెరుచుకుంటాది, బతికున్నది మూసుకుంటాది" అనేది. అదెలాగో నాకు తరవాతెప్పుడో అర్థమైంది. చిప్పల కీలు దగ్గర తోలుముక్కలాంటి బద్ద ఒకటి ఉంటుంది. దాని పని వాటిని తెరవడం. మూసి ఉంచాలంటే లోపలి జీవి కండ బిగబట్టుకునే ఉండాలి. ప్రాణం పోయి కండ సడలిందంటే ఇల్లు దానంతటదే తెరుచుకుంటుంది. బతుకంతా తలుపు లాగిపట్టుకుని కూర్చోవడమే ఆ జీవి కాపరం.

సముద్రపొడ్డున ఏరుకొచ్చిన చిప్పల్లో కొన్నిటికి కీలుకి కాస్త కింద చిన్న గుండ్రటి చిల్లు ఉండేది. కంసాలి తొలిచినంత నున్నగా ఉండేది. దండలు గుచ్చుకోవడానికి పిల్లల కోసం గంగమ్మ తల్లి పెట్టిందనుకునేవాళ్ళం. చిల్లున్న చిప్ప దొరికితే చాలు, అరటినార ఎక్కించి మెళ్ళో వేసుకునేవాళ్ళం. ఆ చిల్లు పెట్టేది ఇంకో నత్త. గుల్లని తన ఒంటికాలితో కౌగిలించినట్టు పట్టుకుని, పులుపులాంటి రసం వదిలి పెంకుని మెత్తబరిచి, ఆకురాయిలాంటి నాలికతో గీరి గీరి, ఒక్కోసారి రోజుల తరబడి తొలిచి, లోపలి మాంసం తింటుంది. మా మెళ్ళో దండలన్నీ అలా ఓడిపోయిన ఇళ్ళే. తెలిశాక బాధపడలేదు గానీ, ఆ దండ మళ్ళీ దొరికితే ఇంకా జాగర్తగా దాచుకునేదాన్ని అనిపించింది.

అమ్మమ్మకి కోళ్ళుండేవి. ఒక పెట్ట అప్పుడప్పుడు పెంకు లేకుండా, ఉత్త తోలు సంచిలాంటి గుడ్డు పెట్టేది. అది చేతిలోకి తీసుకుంటే లోపలి సొన అటూ ఇటూ ఊగేది. వెచ్చగా, మెత్తగా, భయంగా ఉండేది. అమ్మమ్మ ఏమీ అనకుండా నాలుగు గుల్లచిప్పలు రోట్లో వేసి నూకలా దంచి, తవుడులో కలిపి ఆ పెట్టకి వేసేది. వారం పదిరోజుల్లో గుడ్డు గట్టిపడేది. సముద్రంలో బురదలో ఎవరో కట్టుకున్న గోడ అమ్మమ్మ రోట్లోంచి పెట్ట కడుపులోకి పోయి, మళ్ళీ ఇంకో ప్రాణి చుట్టూ గోడై బయటికొచ్చేది. గుడ్డుపెంకూ గుల్లపెంకూ ఒకటే పదార్థం అని అమ్మమ్మకి ఎవరు చెప్పారు? వాళ్ళమ్మ చేస్తుంటే చూసింది, అంతే.

మావయ్య విషయానికొస్తే ఆయన లోకమంతా పీతలే. ఒకసారి మడచెట్ల వేళ్ళ మధ్య నాకొక పీత కనపడింది. కాళ్ళూ, డెక్కలూ, కళ్ళూ అన్నీ ఉన్నాయి గానీ కదలడంలేదు. చచ్చిపోయిందని ఏడుపుముఖం పెడితే మావయ్య దాన్ని పైకెత్తి వెనకవైపు చూపించాడు. డిప్ప మూతలా తెరుచుకుని ఉంది, లోపల ఏమీ లేదు. "చొక్కా బిగుతైంది, విప్పేసి పోయిందమ్మడూ" అన్నాడు. అంత సన్నటి కాళ్ళలోంచి కూడా ఒక్క గోరు విరగకుండా ఎలా లాక్కుందో. కాసేపు వెతికి, వేళ్ళ సందులో నక్కిన అసలు పీతని చూపించాడు. వెన్నముద్దలా ఉంది, వేలు పెడితే దిగిపోయేలా. కొత్త డిప్ప గట్టిపడేలోగా నీళ్ళు పీల్చుకుని ఒళ్ళు పెంచుకుంటుంది, ఎదగడానికి దానికి దొరికే సమయం అదొక్కటే. ఆ కాసేపూ దాన్ని ఎవరైనా తినేయచ్చు. మావయ్య దాన్ని ముట్టుకోకుండా పైన ఆకులు కప్పి వచ్చేశాడు. ఇంట్లో ఆ పూట కూరకి ఏమీ లేదు, గోంగూర పచ్చడితో తిన్నాం.

ఇంకో బుల్లి పీత సొంత చిప్ప లేనిది, నత్తలు వదిలేసిన గుల్లలో దూరి దాన్ని ఈడ్చుకుంటూ తిరిగేది. పుస్తకాల్లో దాన్ని సన్యాసి పీత అంటారు. సన్యాసికి ఇల్లెందుకనిపించేది నాకు. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. రెండుమూడేళ్ళకోసారి బదిలీ, అద్దె ఇల్లు, రెండు ట్రంకుపెట్టెలు, బియ్యపుడబ్బా, అమ్మ కుట్టుమిషను. ఎదిగినకొద్దీ ఇంకాస్త పెద్ద గుల్ల వెతుక్కునే ఆ పీతని చూస్తే, కొత్త ఊళ్ళో ఇల్లు చూసొచ్చి "వంటగది కాస్త పెద్దదే" అనే మా అమ్మ గుర్తొచ్చేది. అందుకే ఎక్కడున్నా అమ్మమ్మ ఇల్లే మాకు ఇల్లు.

తాబేలుని ఒక్కసారే చూశాను, పదో ఏట. మాఘమాసంలో మావయ్య వాళ్ళు నావ మీద హోప్ ఐలాండ్‌కి వెళుతుంటే బతిమాలి ఎక్కాను. కాకినాడ తీరానికి అడ్డుగా, సముద్రానికీ ఊరికీ మధ్య చెయ్యి చాపినట్టు సాగిన ఇసకదిబ్బ అది. ఆ రాత్రి చలిలో, గోనెసంచులు కప్పుకుని పడుకున్నవాళ్ళని మావయ్య లేపి, మాట్లాడకండని సైగచేశాడు. నీళ్ళలోంచి ఒక పెద్ద బండ లేచి నడిచొస్తోంది. నాలుగు తెడ్లు వేసినట్టు ఇసకని తోసుకుంటూ, ఆగి ఊపిరి తీసుకుంటూ పైకొచ్చి, వెనకకాళ్ళతో కుండలాంటి గొయ్యి తవ్వి గుడ్లు పెట్టింది. వందకి పైనే ఉంటాయన్నాడు మావయ్య. దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తిరిగొచ్చాక చెబితే అమ్మమ్మ "పిల్లల్ని చూడకుండానే పోవాలి కదమ్మా, అందుకే" అంది. ఒంట్లో చేరిన ఉప్పుని కంటిదగ్గర గ్రంథులతో వదిలేసుకుంటుందని నాకిప్పుడు తెలుసు. అయినా ఆ రాత్రిని తలుచుకుంటే అమ్మమ్మ మాటే ముందు వినిపిస్తుంది.

శ్రీకూర్మం వెళ్ళొచ్చిన అమ్మమ్మకి తాబేలంటే దేవుడే. ఆ గుళ్ళో తిరిగే నక్షత్ర తాబేళ్ళ గురించి చెబుతూ, అవి తలా కాళ్ళూ లోపలికి లాక్కుని ఎలా కూర్చుంటాయో చీరకొంగు ముఖానికి కప్పుకుని చూపించేది. సముద్రపు తాబేలికి ఆ సదుపాయం లేదు, తల లోపలికి పోదు. తాబేలు డిప్పలోంచి బయటికొచ్చి స్నానం చేసి మళ్ళీ దూరుతుందని మేం నమ్మేవాళ్ళం. అలా రావడం కుదరదు. దాని వెన్నూ పక్కటెముకలే పరుచుకుని డిప్పయ్యాయి. పైన గోరులాంటి పొర; దాన్ని గోకితే దానికి తెలుస్తుంది. గుల్లకి ఇల్లు గోడ, పీతకి చొక్కా, తాబేలికి మటుకు ఒళ్ళే.

వేసవిలో సెలవులకొస్తే చేలు బీటలు వారి ఉండేవి. ఆ పగుళ్ళలో చెయ్యిపెడితే నత్తలు తగిలేవి, గుమ్మానికి అడ్డంగా గట్టి బిళ్ళతో తలుపు బిగించుకుని, లోపల తడి దాచుకుని, కాలవ నీళ్ళొచ్చేదాకా నిద్రపోతూ. జూన్‌లో నీళ్ళు వదలగానే తలుపులు తీసేవి, వాటి వెనకే నత్తగుల్ల కొంగలు దిగేవి, మూసినా మధ్యలో సందు మిగిలే ముక్కులతో.

అదే వేసవిలో మాగాయ. సావిట్లో చాప పరిచి, పీచు లేని కాయలు గంపలతో పోసి, అమ్మమ్మ, అత్తయ్య, పిన్నులూ చుట్టూ కూర్చునేవాళ్ళు. అందరి చేతుల్లోనూ ఏటి ఆల్చిప్పలే. చిప్ప వీపుని రోటి మీద అరగదీస్తే మధ్యలో కన్నం పడుతుంది. ఆ కన్నం అంచు కాయమీద ఆనించి లాగితే చెక్కు పల్చగా, పొడుగ్గా, రిబ్బనులా ఊడొస్తుంది. కత్తిది ఇనుము, ఇనుము తగిలితే ముక్క నల్లబడుతుందని అమ్మమ్మ పట్టింపు. ఆ చెక్కుల వాసనలో, చేతులు పులుపుకి మండుతుంటే, మధ్యాన్నమంతా కబుర్లు సాగేవి. ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరి గేదె ఈనింది, గుల్లల పిన్ని కొడుకు ఏ ఊళ్ళో పనికి కుదిరాడు. నాకంటూ ఒక చిప్ప ఇచ్చింది అమ్మమ్మ, నా చేతికి సరిపోయే చిన్నది.

నేను కెమిస్ట్రీ టీచర్నయ్యాను. ముప్పై ఏళ్ళపాటు, ఏటా ఒకసారి, నల్లబల్ల మీద కాల్షియం కార్బొనేటు అని రాసి, 900 డిగ్రీల దగ్గరగా కాలిస్తే 100 కిలోలకి 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోతుంది, 56 కిలోలు పొడి సున్నం మిగులుతుంది అని చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బట్టీ నోటి వెలుగు కళ్ళముందుకొచ్చేది. ఆ పొడి సున్నం మీద నీళ్ళు పోస్తే వేడెందుకు పుడుతుందో చెప్పేదాన్ని, కొబ్బరిమట్టల దాకా లేచిన ఆవిరి కనపడేది. ఆ తరవాతి మెట్టు రాసేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేదాన్ని. గోడకి పూసిన సున్నం ఊరికే ఆరిపోదు. బట్టీలో పోగొట్టుకున్న ఆ వాయువునే గాలిలోంచి మెల్లమెల్లగా తిరిగి తీసుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేటు అయిపోతుంది. తాతయ్య నీలిమందు కలిపి, తుమ్మజిగురు కలిపి, కుంచెతో పట్టించిన ఆ తెలుపు భోగినాటికి ఆరి, కనుమ దాటి, మేం బస్సెక్కి వెళ్ళిపోయాక కూడా లోలోపల మళ్ళీ గుల్లగా మారుతూనే ఉండేదన్నమాట. మేం పడుకున్నదీ, జ్వరాలు తెచ్చుకున్నదీ, కథలు విన్నదీ ఒక పెద్ద గుల్ల లోపలే.

తాతయ్య, అమ్మమ్మ, మావయ్య ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయారు. సిమెంటొచ్చింది, డబ్బాల్లో రంగులొచ్చాయి, బట్టీలు ఆగిపోయాయి. అవి ఉన్నచోట ఇప్పుడు తుమ్మచెట్లు. మావయ్య కొడుకు కొత్తిల్లు కట్టుకోవడానికి పాతది పడగొడుతున్నాడని తెలిసి వెళ్ళాను. సావిటి గోడ సగం కూలి ఉంది. విరిగిన అంచు దగ్గర సున్నం బొటనవేలి గోరంత మందాన పెచ్చుగా లేచి ఉంది. కళ్ళజోడు సర్దుకుని చూస్తే పొరలు, ఒకదాని మీద ఒకటి, కాయితాలు పేర్చినట్టు. సంక్రాంతికొక పొర. గుల్ల కూడా అలాగే, అంచున కొంచెం కొంచెం కలుపుకుంటూ పెరుగుతుంది. ఎదుగుదల ఆగి మళ్ళీ మొదలైన చోటల్లా వీపు మీద ఒక గీత మిగులుతుంది. నలభై మూడు దాకా లెక్కపెట్టాను. ఆ తరవాత పొరలు కలిసిపోయి కళ్ళకి ఆనలేదు.

అరచేయంత పెచ్చు ఒకటి కొంగులో కట్టుకుని తెచ్చుకున్నాను. వంటింటి సొరుగులో మాగాయ చిప్ప పక్కనే ఉంటుంది. మొన్న మనవడు రెండూ ఏమిటని అడిగితే నిమ్మకాయ కోసి, ఒక చుక్క చిప్ప మీదా, ఒక చుక్క పెచ్చు మీదా వేసి చూపించాను. రెండూ ఒకేలా నురగ కక్కాయి.